వరికీ వడదెబ్బ!
మందు సీసాకు డబ్బులు పంపే ముందు ఒక్క మాట

శుక్రవారం. బట్టలుతుక్కుని, కూర దించి, ఇంటికి ఫోన్ కలుపుతాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో అయితే అందులో సగం మాటలు యాసంగి వరి మీదే నడుస్తాయి. ''పొలం ఈనింది. ఎండలు ముదిరినయి. మందుల షాపాయన ఏదో సీసా చెప్తున్నడు. కొడితే తాలు రాదంట. పైసలు పంపుతవా?''

అడిగింది ఇంటావిడ కావచ్చు, తమ్ముడు కావచ్చు. కాదనలేం. అలాగని ఆ సీసాలో ఏముందో మనకు తెలియదు. షాపాయనకు కూడా తెలుసో లేదో! అసలు ఎండకు వరి ఏమవుతుంది, మొక్కల నుంచి తీసిన పదార్థాలతో దాన్ని కాపాడవచ్చా అనే విషయం మీద ప్రపంచంలో చాలా చోట్ల పరిశోధనలు జరుగుతున్నాయి. మనమున్న ఈ సౌదీలోనూ కొంత పని నడుస్తోంది. అదేమిటో చూద్దాం.

పూత పూసే గంట

ఆకు పచ్చగా ఉంది కదా, చేను బాగుందనుకుంటాం. కానీ వరికి ఎండ దెబ్బ తగిలేది ఆకు మీద కాదు, పువ్వు మీద. వరి పువ్వు పొద్దున తొమ్మిది, పన్నెండు గంటల మధ్య విచ్చుకుంటుంది. ఒక్కో పువ్వు తెరిచి ఉండేది సుమారు గంట సేపు. ఆ గంటలోనే సుంకు పగిలి పుప్పొడి రాలాలి, కీలాగ్రం మీద పడాలి, మొలకెత్తాలి. వేడి 35 డిగ్రీలు దాటితే సుంకు సరిగా పగలదు. పుప్పొడి చాలినంత రాలదు. గింజ కట్టదు. పైకి కంకి నిండుగానే కనిపిస్తుంది. కల్లంలో తూర్పారబడితే సగం గాలికి పోతుంది.

2007లో కృష్ణ జగదీష్ బృందం ప్రచురించిన పరిశోధనలో, విచ్చుకున్న పువ్వు వేడి 33.7 డిగ్రీలకు చేరి గంట లోపే ఉన్నా తాలు వస్తుందని తేలింది. మర్నాడు ఎంత చల్లబడినా ఆ పువ్వుకు లాభం లేదు. దానికున్న అవకాశం ఆ ఒక్క గంటే.

మనకైతే జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. వరికి ఆ సౌకర్యం లేదు. అందుకే దాని షిఫ్టు మార్చాలని శాస్త్రవేత్తలు చూస్తున్నారు. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి పొద్దున్నే పూస్తుంది. ఆ గుణాన్ని మామూలు వరిలోకి తెచ్చి, గంటన్నర, రెండు గంటలు ముందే పూసే రకాలను జపాన్ శాస్త్రవేత్తలు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేశారు. ఉత్తరప్రదేశ్‌లోని నగీనా పేరుతో ఉన్న ఎన్-22 అనే పాత రకం వేడికి బాగా తట్టుకుంటుంది. దిగుబడి మాత్రం తక్కువ.

ఇంకో సంగతి. వేడి ఒకటే అయినా పొడి గాలిలో వరికి తక్కువ దెబ్బ, తేమ గాలిలో ఎక్కువ దెబ్బ. రియాద్‌లో, దమ్మామ్‌లో రెండు చోట్లా పని చేసిన వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. దమ్మామ్ ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. వరికీ అంతే. ఆస్ట్రేలియాలో పొడి గాలి వీచే రివరీనా ప్రాంతంలో వరి కంకులు చుట్టూ గాలి కంటే ఆరు డిగ్రీలకు పైగా చల్లగా ఉన్నట్టు కొలిచి చూశారు. అయితే ఆ చెమట పట్టడానికి మొక్కకు నీళ్లు కావాలి. పూత మీద మడి ఎండబెట్టడం అంటే దాహంగా ఉన్న మనిషి చేతిలోంచి సీసా లాక్కోవడమే.

రాత్రి వేడి, నూక బియ్యం

పగటి ఎండ ఒక్కటే కాదు. రాత్రి వేడిగా ఉంటే మొక్క పగలంతా సంపాదించిన పిండి పదార్థాన్ని శ్వాసకే ఖర్చు పెడుతుంది. ఏసీ పాడైన గదిలో నిద్రలేక పొద్దున డ్యూటీకి పోయినట్టు ఉంటుంది దాని పని. ఫిలిప్పీన్స్‌లో ఏళ్ల తరబడి లెక్కలు చూసి 2004లో ఒక విషయం చెప్పారు. పొడి కాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం తగ్గిందట.

గింజ కట్టినా బాధ తీరదు. పాలు పోసుకునే రోజుల్లో వేడి తగిలితే గింజలో తెల్లపొర వస్తుంది, మిల్లులో విరిగి నూక అవుతుంది. మన తెలంగాణ యాసంగి వడ్లను ఉప్పుడు బియ్యం చేసేది ఇందుకే. 2021, 2022లలో ఉప్పుడు బియ్యం కొనుగోలు మీద కేంద్రానికి, రాష్ట్రానికి నడిచిన గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ గొడవకు మూలం ఏప్రిల్ ఎండే.

మొక్క మందు మొక్కకే

ఇక సీసా సంగతికి వద్దాం. వేడి తగిలినప్పుడు మొక్క లోపల ఇనుముకు తుప్పు పట్టినట్టు ఒక రకమైన నష్టం జరుగుతుంది. కణాల పొరలు కారిపోతాయి. దాన్ని అడ్డుకోవడానికి మొక్కలు తమలోనే కొన్ని పదార్థాలు తయారు చేసుకుంటాయి. వాటినే బయటి నుంచి కొంచెం అందిస్తే? ప్రశ్న ఇదీ.

సాలిసిలిక్ ఆమ్లం వాటిలో ఒకటి. తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్‌కు ఇది దగ్గరి చుట్టం. విల్లో చెట్టు బెరడు నుంచి దీని కథ మొదలైంది. అమెరికాలోని టెక్సస్‌లో, బోమాంట్ వరి పరిశోధన కేంద్రంలో దీన్ని, విటమిన్-ఇని, గ్లైసిన్ బీటైన్‌ను రాత్రి వేడికి గురిచేసిన వరి మీద వాడి చూశారు. పొరల నష్టం తగ్గింది. గ్లైసిన్ బీటైన్ మొదట బీట్‌రూట్ జాతి దుంపలో దొరికిన పదార్థం. పాలకూరలో కూడా ఉంటుంది. వరికి మాత్రం దాన్ని తయారు చేసుకునే శక్తి లేదు. అందుకే బయటి నుంచి ఇస్తే ఉపయోగం ఉంటుందన్న ఆశ.

బ్రాసినోస్టిరాయిడ్ల కథ మరీ విచిత్రం. 1979లో అమెరికా శాస్త్రవేత్తలు తేనెటీగలు తెచ్చిన ఆవజాతి మొక్క పుప్పొడిని రెండు క్వింటాళ్లకు పైగా పోగు చేసి, వడగట్టి, చివరికి తీసింది నాలుగు మిల్లీగ్రాములు! ఇప్పుడు దీని బంధువైన హోమోబ్రాసినోలైడ్‌ను ఫ్యాక్టరీల్లో తయారు చేసి మన దగ్గర 0.04 శాతం ద్రావణంగా అమ్ముతున్నారు. చైనాలోని వూహాన్‌లో 2016 ప్రాంతంలో జరిగిన ప్రయోగాల్లో విటమిన్-సి, విటమిన్-ఇ, మిథైల్ జాస్మోనేట్, బ్రాసినోస్టిరాయిడ్ కలిపి ఇచ్చిన వరి వేడికి మెరుగ్గా నిలబడింది.

మునగాకు రసం గురించి క్యాంపులో పాకిస్తాన్ సోదరులను అడిగి చూడండి. వాళ్ల ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, ఆలస్యంగా విత్తి ఎండకు చిక్కే గోధుమ మీద ముప్ఫై వంతులు నీళ్లు కలిపిన మునగాకు రసం చల్లి మంచి ఫలితాలు చూశారు. అయితే అది గోధుమ. వరి కాదు.

ఇక్కడే తేడా గమనించాలి. వీటిలో చాలా ప్రయోగాలు కుండీల్లో, గాజు ఇళ్లలో, కొలిచిన వేడిలో జరిగాయి. ఆ ఫలితం ఎకరం పొలంలో అలాగే వస్తుందన్న హామీ లేదు. డోసు మిల్లీగ్రాముల లెక్క. ఎక్కువైతే మేలు పోయి కీడు జరుగుతుంది. ఆస్పిరిన్ మాత్రలు నీళ్లలో కలిపి కొట్టే సొంత వైద్యం అసలే వద్దు.

సౌదీలో...

జిద్దాకు ఉత్తరంగా తువల్‌లో 2009లో మొదలైన 'కౌస్ట్' విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ సలీం అల్ బాబిలీ బృందం 2019లో వరి మొక్కలోనే ఉండే జాక్సినోన్ అనే పదార్థాన్ని బయటపెట్టింది. ఇది తగ్గిన వరికి వేళ్లు కురచగా ఉన్నాయి. బయటి నుంచి ఇస్తే మళ్లీ పెరిగాయి. దానిలాగే పనిచేసే 'మైజాక్స్' అనే వాటిని తయారు చేసి, ఇక్కడి ఎడారి వాతావరణంలో బంగాళాదుంప, స్ట్రాబెర్రీ మీద వాడితే పెరుగుదల, దిగుబడి పెరిగినట్టు 2023లో ప్రకటించారు. వరి పూతను ఎండ నుంచి కాపాడే మందు అని మాత్రం వాళ్లు చెప్పలేదు. ఎవరైనా ఆ పేరుతో అమ్మితే నమ్మకండి.

ఇక సౌదీలో వరా అంటారేమో! ఉంది. హఫూఫ్ వైపు పనిచేసే వాళ్లు చూసే ఉంటారు. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన అల్ అహ్సా ఒయాసిస్‌లో ఎర్రటి హస్సావీ బియ్యం పండుతుంది. బాలింతలకు పెట్టే బియ్యమని పేరు. ధర బాస్మతి కంటే ఎన్నో రెట్లు. వేసవిలో నారు పోసి, చలి మొదలయ్యే వేళకు కోస్తారు. పగటి పొద్దు తగ్గితేనే పూసే రకం ఇది. అంటే మండే ఎండలో ఆకు వేసి, ఎండ తగ్గాక పూత పూస్తుంది. ఏ సీసా లేకుండా అహ్సా రైతు వడదెబ్బ తప్పించుకున్నది ఈ కాలం లెక్కతోనే.

ఇంటికి ఏం చెప్పాలి?

ఆ లెక్క మనకూ పనికొస్తుంది. పూత నుంచి కోతకు సుమారు ముప్ఫై రోజులు. పోయిన ఏడాది ఏప్రిల్ 25న కోస్తే, పూత మార్చి చివరి వారంలో పడ్డట్టు. నవంబర్‌లోనే నారు పోసి, డిసెంబర్ చివరికల్లా నాట్లు ముగిస్తే అది మార్చి మొదటికి జరుగుతుంది. కాటన్‌దొర సన్నాలు, కూనారం సన్నాలు లాంటి తక్కువ కాలపు రకాలైతే ఇంకా సులువు. దీనికి పైసా ఖర్చు లేదు. కావలసింది నవంబర్‌లో ఒక ఫోన్.

ఈ ఏడు ఆలస్యమైపోయిందా? పొట్ట దశ నుంచి గింజ గట్టిపడే దాకా మడిలో రెండంగుళాల నీరు నిలపమనండి. ముందు నీళ్లు, తర్వాతే మందు.

అయినా సీసా కొంటామంటే, లేబుల్ ఫొటో తీసి పంపమనండి. ఇలాంటి 'బయోస్టిమ్యులెంట్ల'ను కేంద్రం 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. తాత్కాలిక అనుమతుల గడువు 2025 జూన్‌తో ముగిసింది. లోపలి పదార్థం పేరు, శాతం, ఏ పంటకు, ఎంత మోతాదు అన్నవి లేబుల్ మీద ఉండాలి. ఉత్త ''అద్భుత శక్తి'' అని రాసి ఉంటే పక్కన పెట్టించండి. ఆ ఫొటోనే ఊరి ఏఈఓకు చూపిస్తే అనుమతి ఉందో లేదో చెబుతారు. కొట్టడం ఖాయమైతే, పొట్ట దశలో, ఎండ దెబ్బ తగలకముందే కొట్టాలి. పూత మీద ఉంటే పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా పంపు భుజానికెత్తవద్దు. రసీదు తప్పకుండా తీసుకోవాలి. చేలో ఒక మడికి మాత్రం కొట్టకుండా వదిలేసి, కోత రోజు రెండు మడుల తాలు వేరువేరుగా తూకం వేయించండి. వచ్చే యాసంగిలో ఆ సీసాకు డబ్బులు పంపాలా వద్దా అన్నది ఆ తూకమే చెబుతుంది.