పాపము ఒకరిది, పన్ను ఎవరిది?

హైదరాబాదు నుండి విజయవాడకు వచ్చే జాతీయ రహదారి కోదాడ దాటిన తరువాత గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తుంది. అక్కడి నుండి జగ్గయ్యపేట, చిల్లకల్లు, నందిగామ వరుసగా వస్తాయి. 2014 జూన్ 2కు ముందు, ఉమ్మడి రాష్ట్రముగా ఉన్న కాలములో, ఈ దారిలో రాష్ట్ర సరిహద్దు అనే మాటే లేదు. ఆనాటి నుండి గరికపాడు రెండు రాష్ట్రాల నడుమ గడప అయింది. 2022లో జిల్లా పేరు కూడ మారి మన కృష్ణా మెట్ట ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది.

ఈ గడపకు అటూ ఇటూ ధర మారే సరుకులలో ముఖ్యమైనవి రెండు: బంకులో పోసే చమురు, సీసాలో అమ్మే మద్యము. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు దేశమంతట ఒకే పన్ను అన్నారు. కాని పెట్రోలు, డీజిలు, మద్యము దానికి వెలుపలనే ఉండిపోయాయి. ఎందుకని? ధర ఎంత పెరిగినా వీటిని కొనక మానరు. వసూలు చేయడమూ తేలిక. అందుకే ఏ పార్టీ గద్దెనెక్కినా ఖజానా బరువు మొదట వీటిమీదనే మోపుతుంది. ఒకటి ఇంధనపు పన్ను. రెండవదానికి లోకము పెట్టిన పేరు "పాపపు పన్ను". ఈ రెంటిలో న్యాయమెంత? ప్రియ పాఠకులారా, కొంచెము లెక్క వేసి చూద్దాము.

మొదట పెట్రోలు సంగతి. 2020 మే నెలలో ప్రపంచ మార్కెట్టులో చమురు ధర పడిపోయినప్పుడు కేంద్రము ఎక్సైజు సుంకాన్ని లీటరు పెట్రోలుకు 32 రూపాయల 98 పైసలకు, డీజిలుకు 31 రూపాయల 83 పైసలకు పెంచింది. తగ్గిన ధర మన చేతికి రాలేదు. 2021 నవంబరులోను, 2022 మేలోను తగ్గించి, 2025 ఏప్రిల్‌లో మరల 2 రూపాయలు పెంచగా పెట్రోలుపై 21 రూపాయల 90 పైసలు, డీజిలుపై 17 రూపాయల 80 పైసలు అయింది. దీనిపైన రాష్ట్రపు వ్యాట్. ఆ సంవత్సరము ఆంధ్రలో పెట్రోలుకు 31 శాతము, తెలంగాణలో 35.2 శాతము. మరి మన వైపే తక్కువ కదా అనుకుంటాము. కాని ఇక్కడ శాతము గాక లీటరుకు 4 రూపాయలు అదనపు పన్ను, 1 రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. అందువలన విజయవాడ ధర హైదరాబాదు ధర కన్న ఒకటి రెండు రూపాయలు ఎక్కువగానే నడిచింది. రేటు ఒక్కటి చూచి పన్ను బరువు చెప్పలేము.

కేంద్రము, రాష్ట్రము కలిపి 2025లో లీటరు పెట్రోలు మీద పన్ను సుమారు 50 రూపాయలు. ఒక ఉదాహరణ తీసుకుందాము. నెలకు 12,000 సంపాదించే మేస్త్రీ మోపెడ్‌కు 15 లీటర్లు పోయిస్తే 750 రూపాయలు పన్ను. అంటే అతని సంపాదనలో నూటికి ఆరు రూపాయలకు పైగా. నెలకు 60,000 జీతమున్న ఉద్యోగి కారుకు 30 లీటర్లు పోయిస్తే 1,500 రూపాయలు. అది అతని జీతములో నూటికి రెండున్నర. పెద్దవాడు ఎక్కువ కట్టినట్టే కనబడుతున్నాడు. బరువు మాత్రము చిన్నవాని భుజము మీదనే ఉంది.

ఇక డీజిలు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి పొలాలకు నీరు సరిగా అందని సంవత్సరము రైతుకు ఆయిల్ ఇంజనే దిక్కు. దుక్కికి ట్రాక్టరు, మిరప కోతలకు కూలీలను తెచ్చే ఆటో, పంటను గుంటూరు యార్డుకు చేర్చే లారీ, అన్నీ డీజిలుతోనే కదలాలి. లారీ యజమాని తన పన్నును కిరాయిలో కలుపుకుంటాడు. దూర ప్రయాణపు లారీ అయితే సరిహద్దుకు ఏ వైపు చవకయితే ఆ వైపు ట్యాంకు నింపుకుంటుంది. చందర్లపాడు రైతు ట్రాక్టరు కోదాడ పోయి రాగలదా? పోనీ, తన మిర్చికి ధర తాను కట్టుకోగలడా? యార్డులో వ్యాపారి చెప్పినదే ధర. పన్నును ఇంకొకరి మీదికి నెట్టలేనివాడే చివరకు దానిని మోస్తాడు. ఇది మనము మరువరాని మాట.

ఇప్పుడు పాపపు పన్నుకు వద్దాము. దీనిని సమర్థించే వాదము తేలికగా తీసివేయదగినది కాదు. ధర పెరిగితే పొగ త్రాగేవారు, మద్యము సేవించేవారు కొంత తగ్గుతారు. ముఖ్యముగా పిల్లలు కొత్తగా అలవాటు పడకుండ ఆగుతారు. పొగాకు చిల్లర ధరలో కనీసము నూటికి 75 వంతులు పన్నే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇస్తోంది. మేము దానిని కాదనము.

అయితే ఇంటిలో ఏమి జరుగుతుందో చూడండి. త్రాగుడుకు బానిసైనవాడు సీసా ధర పెరిగినంత మాత్రాన అర సీసాతో ఊరుకోడు. అతని కూలి చాలకపోతే భార్య పత్తి తీసి తెచ్చిన కూలి పోతుంది. పిల్లవాని ఫీజు పోతుంది, చివరకు ఇంటిలో బియ్యపు గింజ పోతుంది. త్రాగేది ఒకరు, పన్ను కట్టేది ఇల్లు.

ధర పెంచితే ఏమవుతుందో మన ప్రాంతము కళ్లారా చూచింది. 2020 మే మొదటి వారములో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మద్యము ధరలను మొదట 25 శాతము, వెంటనే మరి 50 శాతము పెంచింది. త్రాగుడు మాన్పించుటకే అన్నారు. బండి, డబ్బు ఉన్నవారు సరిహద్దు దాటి తెచ్చుకున్నారు. గరికపాడు చెక్‌పోస్టులో పట్టుబడిన సీసాల వార్తలు ఆ రోజుల్లో పత్రికలలో తరచు వచ్చాయి. అటు పోలేనివారిలో కొందరు నాటుసారా వైపు మళ్లారు. 2020 జూలై చివరిలో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించారు. 2024 అక్టోబరులో విధానము మారింది. మరల ప్రైవేటు దుకాణాలు వచ్చాయి, క్వార్టరు సీసా 99 రూపాయలకే దొరుకుతుందన్నారు. ధర పెంచినప్పుడు పేదవాని ఇల్లు గుల్లయింది. తగ్గించినప్పుడు అతని ఆరోగ్యము గుల్లవుతుంది. రెండు విధాల నష్టపడేది ఆ ఇల్లే.

మరి పూర్తిగా నిషేధిస్తేనో? చరిత్ర ఆ పాఠము కూడ చెప్పింది. మన జిల్లా మద్రాసు రాష్ట్రములో ఉన్న కాలములో, 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధము పెట్టారు. పోయిన ఆదాయము పూడ్చుకొనుటకు 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. తరువాత నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలైన స్త్రీలు సారా మీద తిరగబడగా, 1993 అక్టోబరు 1న సారా నిషేధమయింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము తెచ్చింది. ఖజానా కుంగింది. 1996లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము కిలో 2 రూపాయల బియ్యాన్ని మూడున్నర రూపాయలు చేసింది. 1997లో నిషేధమూ సడలిపోయింది. చీపుళ్లు పట్టి సారా దుకాణాలు మూయించిన తల్లులకు మిగిలినది బియ్యపు ధర పెంపు.

ఇది ఏ పార్టీని నిందించుటకు వ్రాయడము లేదు. అన్ని ప్రభుత్వాలూ ఒకే వలలో చిక్కుకున్నాయి. త్రాగుడు తగ్గాలని ఒక చేతితో ప్రకటన ఇస్తూ, త్రాగుడు ఆదాయముతో రెండవ చేత్తో బడ్జెట్టు నింపుకోవాలి. 2020లో ఏర్పరచిన రాష్ట్రాభివృద్ధి కార్పొరేషను అప్పులకైతే మద్యపు రాబడినే హామీగా చూపారు. అప్పు తీరేవరకు జనము త్రాగుతూనే ఉండాలన్నమాట! పాపమును తగ్గించవలసిన పన్ను పాపము మీద బ్రతకనారంభిస్తే అది ఇక మందు కాదు, అదీ ఒక వ్యసనమే.

బైబిలు చదివే కుటుంబాలకు సుంకరుల కథలు కొత్త కావు. మత్తయి సుంకపు మెట్టు విడిచి లేచాడు. జక్కయ్య ఆ వృత్తిలోనే పెద్ద. అతని మార్పు గుర్తింపబడినది మాటవలన కాదు. అన్యాయముగా తీసుకున్నది నాలుగంతలుగా, ఎవరి దగ్గర తీసుకున్నాడో వారికే తిరిగి ఇచ్చాడు. పన్నుకు కూడ అదే గీటురాయి అని మాకు తోస్తున్నది.

కాబట్టి మూడు ప్రశ్నలు వేద్దాము. ఈ పన్నును తప్పించుకోవడానికి కట్టేవానికి వేరే దారి ఉన్నదా? కారు ఉన్నవాడు బస్సెక్కవచ్చును. బస్సే రాని పల్లెలో మోపెడ్ ఉన్నవాడు ఏమి ఎక్కుతాడు? రెండవది, ఆ డబ్బు దెబ్బ తిన్న ఇంటికి తిరిగి వస్తున్నదా? మద్యపు రాబడిలో ఒక వంతు విడిగా తీసి నందిగామ, జగ్గయ్యపేట వంటి ఊళ్లలో త్రాగుడు మాన్పించే వైద్యమునకు, ఆ ఇంటి పిల్లల చదువునకు ఖర్చు చేస్తే ఆ పన్నుకు ఒక అర్థమున్నది. అలాగే లారీవారు రోడ్డు కోసము కేంద్రానికి సెస్సు, రాష్ట్రానికి సెస్సు, చిల్లకల్లులో టోలు కడుతున్నారు. ఆ కిరాయి భారము మోసే పల్లెల రోడ్లు బాగుపడాలి కదా. మూడవది, రేపు ఆ అలవాటు నిజముగా తగ్గితే ప్రభుత్వము సంతోషిస్తుందా, భయపడుతుందా? భయపడేటట్లయితే ఆ పన్ను దారి తప్పినట్లే.

పన్ను కట్టడము పౌరుని బాధ్యత. దానిని ఎగవేయమని మేము చెప్పము. సరిహద్దు దాటి దొంగసీసా తెచ్చుకోవడము ఎన్నటికీ జవాబు కాదు. కాని కట్టినదానికి లెక్క అడగడము కూడ పౌరుని బాధ్యతే. ఈ నెల ఇంటి ఖర్చుల పుస్తకములో పెట్రోలు ఖర్చు వ్రాసినప్పుడు దాని ప్రక్కన పన్ను ఎంతో విడిగా వ్రాసి చూడండి. పిల్లలచేత ఆ లెక్క చేయించండి. ఓట్లకు వచ్చేవారు గుమ్మములో నిలిచినప్పుడు ఆ పుస్తకము చూపించి, ఇందులో మాకు తిరిగి వచ్చినదెంత అని మర్యాదగా అడగండి. త్రాగుడు వలన చితికిన ఇల్లు మీ వీధిలో ఉంటే, ప్రభుత్వము వచ్చేవరకు ఆగక ఆ తల్లికి మీరే తోడు నిలవండి.