మందల వెంట

ఎడారి అనగానే ఇసుక దిబ్బలు, ఒంటెలు, ఖర్జూరపు చెట్లు కళ్ళముందు మెదులుతాయి. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని నాగలమడికలో ఇవేవీ లేవు. ఉత్తర పినాకిని ఒడ్డున సుబ్రహ్మణ్యస్వామి గుడి, చుట్టూ ఎర్రనేలలు, బండరాళ్ళ గుట్టలు, కంపచెట్లు, వేరుశనగ చేలు ఉన్నాయి. జైసల్మేరులో ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఇక్కడ దానికి రెండింతలకు పైగానే కురుస్తుంది. కనుక ఇది ఎడారి కాదు. అయితే పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగించడం వల్ల ఆ వాన ఎప్పుడు వస్తుందో, ఎక్కడ పడుతుందో నమ్మకం లేదు. ఒక ఊరి చెరువు అలుగు పారుతుంటే పక్క ఊరి చెరువు నెర్రెలు విచ్చి ఉంటుంది. ఇటువంటి నేలమీద మేత పశువుల దగ్గరకు రాదు. పశువులే మేత దగ్గరకు నడవాలి. ఎడారి జనుల సంచారానికి మూలమైన ఈ సూత్రమే ఇక్కడి గొల్లలకు, కురుబలకు కూడా బ్రతుకుదెరువు నేర్పింది.

వేరుశనగ పెరికిన తరువాత చేలల్లో రాలిన ఆకు, గట్లమీది గడ్డి కొంతకాలం మందలకు సరిపోతాయి. సంక్రాంతి దాటి ఎండలు ముదిరేసరికి అవి అయిపోతాయి. అప్పుడు కొన్ని కుటుంబాలవారు తమ గొర్రెలను ఒక పెద్ద మందగా కలిపి, కాలువల కింద వరి కోసిన పొలాలవైపు కదులుతారు. మేస్తూ సాగే మంద వేగం మనిషి నడకలో సగమైనా ఉండదు. అందరికంటె ముందుగా ఒకరు బయలుదేరి నీళ్ళు ఎక్కడ ఉన్నాయో, ఏ చేను ఇంకా కోత కాలేదో, ఏ రైతు తన పొలంలో మంద కట్టించుకుంటాడో విచారించి వస్తారు. ఆ మనిషి అంచనా తప్పితే మంద అంతా దప్పికతో ఒక పగలు నడవవలసిందే. రాజస్థాన్‌లో ఎడారి అంచున తిరిగే రాయికా కాపరుల గుంపులకు నంబర్‌దారు అనే పెద్ద ఉంటాడు. ఈ బరువు అతడు మోస్తాడు.

పొద్దు వాలేసరికి బస కుదరాలి. కొండదారిలో అయితే కంపలు నరికి గుండ్రంగా రొప్పం కడతారు. పొలాల్లో అయితే వల కట్టి అందులోకి తోలుతారు. ఆనాడు పుట్టిన పిల్లలను వేరే గంప కింద మూస్తారు. మూడు రాళ్ళ పొయ్యిమీద రాగి సంగటి ఉడుకుతుంది. దారిన పోయే బాటసారి వస్తే అతనికీ ఒక ముద్ద పడుతుంది. అడవిలో ఆకలి అందరికీ ఒకటే కదా! తోడేలు భయం ఇంకా తీరలేదు. కుక్కలు ఒక పక్క, మనుషులు ఒక పక్క, నడుమ మంద. రాత్రి జామును చుక్కలే చెబుతాయి. పిల్లలకోడి ఎంత పైకి వచ్చిందో, గొల్లకావడి ఎంత వాలిందో చూసి కాపలా మారతారు. నడక చేసే కాపరికి ఇల్లూ, గొడుగూ, పరుపూ గొంగడే. నల్ల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడిమీద పడిన జల్లు లోపలికి ఇంకక జారిపోతుంది. పక్కనే చిత్రదుర్గ జిల్లాలోని చళ్ళకెరె ఈ కంబళ్ళకు పేరుపొందిన ఊరు. అరేబియా ఎడారిలోని బెదూయీనులు సంప్రదాయంగా మేకవెంట్రుకలతో నేసిన నల్ల గుడారాలలో ఉండేవారు. దానిని వారి భాషలో ‘వెంట్రుకల ఇల్లు’ అంటారు. వాన పడితే ఆ నూలు ఉబ్బి సందులు మూసుకుపోతాయి. ఎక్కడి అరేబియా, ఎక్కడి పావగడ! మంద ఇచ్చినదానితోనే మందవాడు ఇల్లు కట్టుకున్నాడు.

పొలంలో మంద నిలిపినందుకు రైతు కాపరి దగ్గర అద్దె తీసుకోడు. తానే ధాన్యమో డబ్బో ఇస్తాడు. దొడ్డిలో ఊడ్చి బండిలో తోలిన ఎరువులో మూత్రపు సారం చాలావరకు పోతుంది. మంద పడుకున్న చోట అది నేరుగా మట్టిలో ఇంకుతుంది, పెంటికలను గిట్టలే తొక్కి కలుపుతాయి. పంట లేని చేలోకి ఏ మంద వచ్చినా అడ్డు చెప్పని ఆచారం ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్లనే నిలిచింది.

ఆ ఆచారానికి ఇటీవల పెద్ద చిక్కు వచ్చింది. నాగలమడిక హోబళిలోని తిరుమణి, వల్లూరు, బళసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాలలో 13,000 ఎకరాలమీద సౌర విద్యుత్ పార్కు వెలసింది. 2018లో మొదలై 2019 చివరికి పూర్తయిన దీని సామర్థ్యం 2,050 మెగావాట్లు. రైతులు భూమి అమ్ముకోలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన అద్దెకు ఇచ్చారు. వాన తప్పే నేలకు ఎండే పంట అయింది. భూమిగలవారికి ఇది నిస్సందేహంగా మేలు. మందవారికి భూమి కాగితం లేదు. కోత తరువాత తెరిచి ఉండే చేలు ఇప్పుడు పన్నెండు నెలలూ కంచె వెనుకనే ఉన్నాయి. మంద చుట్టు తిరిగి పోవాలి, లేదా కాపరి గొర్రెలను తగ్గించుకోవాలి. బరువు తక్కువేమీ కాదు: మేతకు అద్దె అడిగే హక్కు ఏ పత్రంలోనూ రాసి లేదు.

అయితే కంచె లోపల గడ్డి మొలవక మానదు. నీడ పడితే పలకల ఉత్పత్తి తగ్గుతుంది, ఎండితే నిప్పు భయం. అందుచేత దానిని ఎప్పటికప్పుడు కోయవలసిందే. ఆస్ట్రేలియాలో, అమెరికాలో కొన్నిచోట్ల ఈ పనిని గొర్రెలకే అప్పగించారు. అక్కడ మేకలను మాత్రం లోపలికి రానివ్వరు. అవి పలకలమీదికి ఎక్కుతాయి, తీగలు కొరుకుతాయి. పావగడ మందలలో గొర్రెలతోపాటు మేకలూ ఉంటాయి.