రాయని లెక్క సున్న గాదు

ఏ ఆటల గొప్పోడెవలంటే మనం ముందుగాల జూసేది లెక్కలు. లెక్కలు అబద్ధం ఆడవంటరు. నిజమే. కని గా లెక్క రాసే పుస్తకం ఎవల చేతుల ఉన్నదో గూడ అడగాలె. వంద ఏండ్ల కిందటి అమెరికా బేస్‌బాల్ గీ ముచ్చటను సాఫ్‌గ జెప్తది.

క్రికెట్ల బౌలర్ ఎట్లనో, బేస్‌బాల్‌ల పిచ్చర్ గట్ల. బంతి నేలకు తాకకుండ నేరుగ ఇసురుతడు. సై యంగ్ అనేటాయన 1890 నుంచి 1911 దాక ఆడి 511 మ్యాచులు గెలిసిండు. వాల్టర్ జాన్సన్ 1907 నుంచి 1927 దాక వాషింగ్టన్ జట్టు ఒక్కదానికే ఆడి 417 గెలిసిండు. 110 మ్యాచులల్ల ఒక్కడే ఆఖరిదాక ఏసి, అవతలోళ్లకు ఒక్క రన్ను గూడ ఇయ్యలె. గీ 511ను, గీ 110ను ఇయ్యాల్టి దాక ఎవలూ దాటలె.

దీనికి కారణాలున్నయి. గప్పుడు ఎక్కువసార్లు మ్యాచ్ మొదలువెట్టిన పిచ్చరే దాన్ని ముగించేటోడు. బంతి నల్లగ మాసినా మార్చకపోయేది. ఉమ్మి రాసి ఏసుడు 1920 దాక తప్పు గాదు. గదే యాడాది ఆగస్టుల బంతి తలకు తగిలి రే చాప్‌మన్ అనే ఆటగాడు సచ్చిపోయిండు. గటెన్క మాసిన బంతిని ఎంటనే మార్చుడు షురువైంది.

ఇంకో కారణం ఉన్నది, దాన్ని పుస్తకాలు మెల్లగ జెప్తయి. గా లీగులల్ల నల్లజాతోళ్లను ఆడనియ్యలె. 1884ల మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఆడిండు. ఆ తర్వాత తలుపు మూసిండ్రు. కాయితం మీద రూల్ లేదు, ఓనర్ల నడుమ నోటి ఒప్పందమే. 1947ల జాకీ రాబిన్సన్ వచ్చేదాక గదే నడిసింది. అంటే జాన్సన్ లీగ్ మ్యాచులల్ల నల్లజాతి బ్యాటర్ ఒక్కడు గూడ ఆయన ముందట నిలబడలె.

గదే కాలంల టెక్సాస్ నుంచి ఒచ్చిన స్మోకీ జో విలియమ్స్ నల్లజాతి జట్లల్ల బంతులేసిండు. 1930ల, నలబై దాటినంక, 12 ఇన్నింగ్స్ నడిసిన ఒక్క మ్యాచుల 27 మందిని స్ట్రైకౌట్ జేసిండు. రూబ్ ఫోస్టర్ గూడ టెక్సాస్ పిచ్చరే. రానియ్యనోళ్ల ఇంటి ముందట నిలబడుడు ఎందుకని 1920ల నల్లజాతోళ్లకు సొంత లీగే బెట్టిండు. సాచెల్ పెయిజ్‌ను పెద్ద లీగులకు పిలిసేసరికి 1948, ఆయనకు 42 ఏండ్లు. గా వయసుల చానమంది ఆట ఇడిసిపెడ్తరు.

జాన్సన్‌ను 1936లనే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకున్నరు. ఆయన బతికుండంగనే. విలియమ్స్ 1951ల సచ్చిపోయిండు. మరుసటేడు నల్లజాతోళ్ల పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్ ఓట్లు వెడితే, పెయిజ్ కంటె ఒక్క ఓటు ఎక్కువొచ్చి ఆయనే మేటి పిచ్చర్ అయిండు. హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు తెరిసింది మాత్రం 1999ల.

2024ల 1920 నుంచి 1948 దాక నడిసిన నల్లజాతి లీగుల లెక్కలను పెద్ద లీగుల లెక్కల్ల కలిపిండ్రు. మంచిదే. కని విలియమ్స్ జోరు మీదున్న 1910ల కాలం అండ్ల లేదు. ఎందుకు? గప్పుడు ఆయనకు లీగ్ లేకుండె. లీగ్ ఎందుకు లేకుండె? ఉన్న లీగులకు రానియ్యలె గన్క.

జాన్సన్ చెయ్యి గొప్పదే, ఆయన 417ను కొట్టెయ్యమని నేనంటలేను. గా అంకె పక్కపొంటి ఒక్క మాట రాయుండ్రంటున్న: గప్పుడు నల్లజాతోళ్లకు తలుపు మూసి ఉండె. రాయని లెక్కను సున్న అనుకునుడు, తలుపు ఇంకోపారి మూసినట్టే.