ఉగ్గుగిన్నెలో విజ్ఞానం

చీలిన పెదవితో శిశువు జన్మిస్తే మనవారి నోట వెలువడే మొదటి మాట 'గ్రహణం మొర్రి'. గ్రహణవేళ గర్భవతి బయటకు వచ్చిందని నింద తల్లిపై పడుతుంది. సముద్రాలు దాటినా ఈ మాట మనల్ని వదలలేదు. నిజానికి గర్భస్థ శిశువు పెదవి, అంగిలి తొలి మూడు మాసాలలో ఇరుప్రక్కల నుండి పెరిగి మధ్యలో కలుస్తాయి. ఆ కలయిక పూర్తికాకపోతే చీలిక మిగులుతుంది. ప్రపంచంలో సుమారు 700 మంది శిశువులలో ఒకరికి ఇలా జరుగుతుంది. చాలా సందర్భాలలో ఇదీ కారణమని ఒకదానిని వేలెత్తి చూపలేము; సూర్యచంద్రులకు మాత్రం ప్రమేయం లేదు.

కారణాలు వెదుకుతూ కూర్చున్న రోజులలోనే బిడ్డ ఆకలితో కృశిస్తుంది. ఎందువల్ల?

రసాయనశాలలో నిర్వాత పంపుతో వడపోత చేసేవారికి ఒక సంగతి అనుభవమే. బిరడా వద్ద చిన్న సందు ఉన్నా పంపు ఎంత శ్రమించినా ద్రవం దిగదు. శిశువు నోరు కూడా అటువంటి పంపే. పెదవులు చనుమొనను బిగించి పట్టుకుంటాయి. అంగిలి నోటిని ముక్కు నుండి వేరుచేస్తుంది. నాలుక క్రిందికి దిగినపుడు లోపలి పీడనం తగ్గి పాలు వస్తాయి. పెదవి మాత్రమే చీలిన శిశువులు చాలామంది తల్లిరొమ్ము త్రాగగలరు. అంగిలి చీలితే ముక్కుగుండా గాలి చొరబడి పీడనం తగ్గదు. గంటసేపు చప్పరించినా కడుపు నిండదు సరికదా, త్రాగిన పాల శక్తి ఆ శ్రమకే వ్యయమవుతుంది. తల్లికి పాలు లేవని ఇంటివారు పొరబడతారు.

పరిష్కారం సులభం: పీల్చే పని లేకుండా పాలు అందించాలి. తల్లిపాలనే పంపుతో తీసి, మెత్తని సీసాను బిడ్డ మ్రింగే లయననుసరించి నొక్కుతూ పట్టవచ్చు. 1980లో అంగిలి చీలికతో కుమార్తె జన్మించగా, మాండీ హేబర్‌మన్ అనే బ్రిటిష్ మహిళ ఒకవైపే తెరుచుకునే కవాటం గల పాలసీసాను రూపొందించింది. చిగుళ్ళతో నొక్కితే చాలు, పాలు నోటిలోకి వస్తాయి. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నెలోనూ ఇదే సూత్రం ఉంది; దాని ముక్కు నుండి పాలు తమంత తామే జారుతాయి. అయితే గిన్నెను మరిగించి శుభ్రపరచాలి, కొద్దికొద్దిగా పోయాలి, పద్ధతిని నర్సు వద్ద నేర్చుకోవాలి. బిడ్డను నిటారుగా పట్టుకోవాలి. మధ్యమధ్య త్రేన్పు తెప్పించాలి. ఒక్కొక్కసారి అరగంటకు మించరాదు. ముక్కునుండి కొద్దిగా పాలు వస్తే భయపడక, కాసేపు ఆగితే చాలు.

అమెరికాలో ఈ శిశువులకు నిపుణుల బృందాలున్నాయి. 1938లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో దంతవైద్యుడు హెర్బర్ట్ కూపర్ స్థాపించిన వైద్యశాల ఈ పద్ధతికి మార్గదర్శి. పెదవికి తొలి మాసాలలోను, అంగిలికి సాధారణంగా ఏడాది ప్రాంతంలోను శస్త్రచికిత్స చేస్తారు. బిడ్డ తగినంత బరువు పెరగకపోతే అది వాయిదా పడవచ్చు. కనుక శస్త్రవైద్యుని కత్తికి ముందే తల్లి చేతిలోని సీసా చికిత్స ప్రారంభిస్తుంది.

స్వదేశంలోని బంధువుల ఇంట ఇటువంటి శిశువు జన్మించిందని ఫోను వస్తే, గ్రహణం సంగతి ఎత్తకండి. "ఈ వారం బిడ్డ ఎంత బరువు పెరిగింది?" అని అడగండి.