ఎండాకాలంలో ఎర్రల కాపురం

కూరగాయల తొక్కులతో ఎరువు చేసుకోవాలని మనలో చాలామందికి ఉంటుంది. ఉత్సాహంగా చలికాలంలో మొదలుపెడతారు, ఏప్రిల్ వచ్చేసరికి తొట్టి ఖాళీ. “మా ఊరి ఎండకు వానపాములు బతకవండీ” అనేస్తారు. కాళేశ్వరంలో ఉండి చెబుతున్నాను, బతుకుతాయి. గోదావరి, ప్రాణహిత కలిసే ఊరన్న మాటే గానీ మే నెలలో మా దగ్గర ఎండ 45 డిగ్రీల చుట్టూ తచ్చాడుతుంది. ఎర్రలకేమో 20 నుంచి 30 డిగ్రీలు హాయి. 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది.

పొలంలో తవ్వి తెచ్చినవి తొట్టిలో ఇమడవు. అవి లోతుగా బొరియలు చేసుకుని మట్టిలో బతికే రకం. మనకు కావలసింది పైపైన ఉంటూ కుళ్ళిన ఆకులు, పెండ తినేవి. యూరప్ నుంచి వచ్చిన ఐసీనియా ఫెటిడా అందరికీ తెలిసిందే. ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే వేడిని ఇంకాస్త ఓర్చుకుంటుంది. అందుకే నేను రెండోదే తెచ్చుకున్నాను.

తొట్టి లోతుకన్నా వెడల్పు ముఖ్యం. అడుగున చిల్లులు ఉండాలి. కింద కొబ్బరిపీచు (గుడి ఉన్న ఊళ్ళో దానికేం కరువు!), దానిమీద ఎండిన ఆకులు, ఆపైన పదిహేను రోజులు మాగిన పెండ పరుస్తాను. పచ్చి పెండ వద్దే వద్దు. మాగేటప్పుడు అందులో పుట్టే వేడికే ఎర్రలు చచ్చిపోతాయి. తేమ ఎంతుండాలంటే, గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెడితే సరి.

అసలు పరీక్ష 2025 మే నెలలో వచ్చింది. 15 నుంచి 26 వరకు సరస్వతీ పుష్కరాలు. ఇంటినిండా చుట్టాలే. పుచ్చకాయ చెక్కులు, మామిడి తొక్కలు బకెట్లకొద్దీ. “ఎర్రలున్నయ్ గదా, అన్నీ అండ్లనే వెయ్” అని ఒకటే సలహాలు. అంత తిండి ఒక్కసారి పడితే కుప్ప కాగుతుంది, పులుస్తుంది. అందుకని పెరట్లో గుంట తీయించి అందులో వేయించాను. అక్కడ మెత్తబడి చల్లారిన తర్వాత రోజుకు రెండు గుప్పెళ్ళు మాత్రం తొట్టిలో ఓ మూల కప్పిపెట్టాను. నిమ్మ చెక్కలు, చింతపండు పిప్పి, ఉప్పూ నూనే తగిలిన కూరలు గుంటకే పరిమితం.

తొట్టిని మెట్ల కింద ఉత్తరం వైపుకు జరిపి, తడి గోనెసంచి కప్పాను. రోజుకు మూడుసార్లు సంచి తడపాలి. వంటకే తీరిక లేని ఆ పన్నెండు రోజుల్లో ఇదొక అదనపు చాకిరీ. “చుట్టాలకు నీళ్ళు తోడుడే అయితలేదు, ఎర్రలకు తానాలా బిడ్డా?” అన్నది మా అత్తమ్మ. అన్నదే గానీ, నేను స్నానఘట్టానికి వెళ్ళిన రోజు మధ్యాహ్నం సంచి తడిపింది ఆవిడే. నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు. చుట్టాల పిల్లలు చెప్పారు.

ఎర్రలు అంచులెక్కి పారిపోవాలని చూస్తే ఏదో తేడా ఉన్నట్టే. పుల్లటి వాసన వస్తే తిండి ఎక్కువైనట్టు. అడుగున గుంపు కడితే పైన వేడిగా ఉన్నట్టు. ఆ పుష్కరాల్లో నేను రెండుసార్లు చూసింది ఇదే. తడి సంచి ఇంకొకటి వేశాక మళ్ళీ పైకి వచ్చాయి.

తొట్టి మిక్సీ పక్కన పెట్టొద్దు. వానపాముల మీద 1881లో ఏకంగా పుస్తకమే రాసిన డార్విన్ వాటిని కుండీల్లో ఇంట్లోనే పెంచాడు. పియానో మోత వాటికి వినబడలేదట. కుండీని పియానో మీదే పెడితే మాత్రం అదురుకు బొరియల్లోకి దూరాయట. పెద్దమనిషి ఇంట్లో వాళ్ళు ఏమనుకున్నారో!

నలభై అయిదు, అరవై రోజుల్లో ఎరువు టీపొడిలా నల్లగా, మట్టివాసనతో తయారవుతుంది. తీసేముందు రెండు మూడు రోజులు నీళ్ళు ఆపి, వెలుతురులో కుప్ప పోస్తే ఎర్రలు అడుక్కి దిగిపోతాయి. పైపైన తీసుకుని జల్లించుకోవాలి. ఆవగింజంత లేత పసుపు గింజలు కనబడితే పారేయకండి. అవి గుడ్ల తిత్తులు, మళ్ళీ తొట్టిలోకే వేయాలి.

జూలైలో మా పక్కింటావిడ గిన్నెడు ఎర్రలు పట్టుకెళ్ళింది. తీసుకెళ్ళి డాబా మీద పెట్టింది. ఆ సాయంత్రమే వెళ్ళి మెట్ల కిందికి దింపించి వచ్చాను.