రోడ్డు మెరక, గడప పల్లం

గత నెలలో పురపాలక సిబ్బంది మా పేటకు వచ్చి, ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో గీతలు గీసి వెళ్లారు. సిమెంటు రోడ్డును పునర్నిర్మిస్తారట. మా అమ్మ ఆ గీత దగ్గర నిలబడి చేత్తో కొలిచింది. కొత్త రోడ్డు మా గడప కంటే జానెడు ఎత్తున ఉంటుంది. ‘వానొస్తే నీళ్లెటు పోతాయయ్యా?’ అని అడిగింది. గీత గీసినవారి దగ్గర జవాబు లేదు. ఈ పనికి అంచనా రాసిన రోజే ఎవరైనా వేసుకోవలసిన ప్రశ్న అది.

పాత రోడ్డును పెకలించకుండా దానిమీదే మరో పొర పోయడం కాంట్రాక్టరుకు సులువు. శిథిలాలను తరలించనక్కరలేదు, అడుగున ఉన్న నీటి గొట్టాల జోలికి పోనక్కరలేదు. అలా పొర మీద పొర పడినప్పుడల్లా రోడ్డు లేస్తుంది, ఇల్లు దిగుతుంది. మిద్దె ఉన్నవాడు మెట్లు కట్టుకుంటాడు. రేకుల ఇంట్లో ఉన్నవాడు రాత్రంతా నీళ్లు ఎత్తిపోసుకుంటాడు.

మా పేట ఊరికి పల్లాన ఉండటం యాదృచ్ఛికం కాదు. మెరక ఎవరికి, పల్లం ఎవరికి అన్నది ఇంజినీర్లు పుట్టకముందే కులం తేల్చింది. పై వీధుల మురుగు మా ఇళ్ల మధ్య నుంచే పారుతుంది. 1985 జూలైలో కారంచేడు మారణకాండకు దారితీసిన గొడవ, మాదిగలు తాగే చెరువు నీటిని మురికి చేయడం దగ్గరే మొదలైందని మరువరాదు. మురికి ఎటు పారాలన్నది ఈ దేశంలో ఎన్నడూ వట్టి సాంకేతిక విషయంగా లేదు.

ఈ పనికి ఎస్సీ ఉపప్రణాళిక నిధులు వాడుతున్నామని అధికారులు చెబుతున్నారు. 2013లో వచ్చిన ఆ చట్టం ఉద్దేశం దళితులకూ ఇతరులకూ నడుమ ఉన్న అభివృద్ధి అంతరాన్ని తగ్గించడం. గడువు ముగిసే వేళ, 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానిని మరో పదేళ్లు పొడిగించింది. అయితే మా రోడ్డును వెడల్పు చేసేది ఎవరి కోసం? పై వీధుల కార్లు బైపాసు ఎక్కడానికి అది దగ్గరి దారి. ఆ వెడల్పు కోసం మా అరుగులు పోతాయి, చేపల గంపలు పెట్టుకునే చోటు పోతుంది. ఖర్చు మాత్రం మా పద్దులో పడుతుంది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. డిగ్రీ చదివే రోజుల్లో రోడ్డు కావాలని ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించింది నేనే. ఇప్పుడు ఆ కాగితాన్నే మా అంగీకారపత్రంగా చూపుతున్నారు. ‘మీరేగా అడిగారు’ అంటున్నారు. రోడ్డు అడగడం వేరు, ఎలా వేసినా ఒప్పుకోవడం వేరు. ప్రజాభిప్రాయ సేకరణ సభ పై వీధి కల్యాణ మండపంలో, పనిరోజు ఉదయం పదకొండింటికి జరిగింది. ఆ వేళకు మా ఆడవాళ్లు పనుల్లో ఉంటారు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాలకే. మా వంటి చిన్న పట్టణాల్లో మాట వినిపించాలంటే గొంతు పెంచక తప్పదు.

పెంచడానికి పేటలో చాలామంది జంకుతున్నారు. అభ్యంతరం చెబితే నిధులు వెనక్కి పోతాయని, ఉన్న గుంతలే మిగులుతాయని వారి భయం. అది అర్థం లేని భయం కాదు. వద్దు అనే హక్కు లేనివాడి అవును కు విలువ ఉండదన్నది కూడా అంతే నిజం.

మేము రోడ్డు వద్దనడం లేదు. పాత పొరను తవ్వి, అన్నిటికన్నా పల్లాన ఉన్న ఇంటి గడపకు దిగువగా కొత్త రోడ్డు వేయండి. రోడ్డు కంటే ముందు కాలువ కట్టండి, దాని నీరు ఎక్కడికి చేరుతుందో చూపండి. పట్టా లేదన్న సాకుతో అరుగు, మెట్లు పోయినవారికి పరిహారం ఎగవేయకండి. వీధి వర్తకులకు 2014 చట్టం ఇచ్చిన రక్షణను గుర్తించండి. అంచనా పత్రాన్ని, కొలతల పుస్తకాన్ని సమాచార హక్కు దరఖాస్తు దాకా లాగకుండా, ఒక సాయంత్రం పేటలోనే తెలుగులో చదివి వినిపించండి.

మా అమ్మ ఇప్పటికే గడప ముందు రెండు వరుసల ఇటుకలు పేర్చింది. నేను మళ్లీ కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాను. ఈసారి సంతకాలకు పైన షరతులు కూడా రాసి ఉన్నాయి.