200 రూపాయల బియ్యంతో పని మానేసేదెవరు?

నాట్ల కాలం వచ్చిందంటే పల్లెల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. రేషన్ బియ్యం ఊరికే ఇస్తున్నారు గనకే కూలికి మనుషులు రావడం లేదని. పట్నాల్లో అదే మాట ఇంకో రూపంలో ఉంటుంది: పన్నులు కట్టేది మనం, కూర్చుని తినేది వాళ్లు. 2025 ఫిబ్రవరిలో నిలువ నీడ లేనివాళ్ల కేసు వింటూ, ఉచిత రేషన్, డబ్బు అందుతుండటంతో జనం పనికి ఇష్టపడటం లేదని సుప్రీంకోర్టు ధర్మాసనం కూడా వ్యాఖ్యానించింది. ఇంతమంది నమ్ముతున్న మాటను వట్టినే కొట్టిపారేయకూడదు. లెక్క కట్టి చూడాలి.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డులో పేరున్న ఒక్కో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం వస్తుంది. తెలంగాణలో 2015 నుంచి 6 కిలోలు ఇస్తున్నారు. అంత్యోదయ కార్డుంటే ఇంట్లో ఎందరున్నా 35 కిలోలు. 5 కిలోల బియ్యాన్ని 30 రోజులకు పంచితే రోజుకు 167 గ్రాములు, అంటే సుమారు 580 కేలరీలు. ఒక మోస్తరు శారీరక శ్రమ చేసే మగవాడికి రోజుకు 2,710, స్త్రీకి 2,130 కేలరీలు కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క తేల్చింది. రోజంతా బరువులు మోసేవాళ్లకు అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. అంటే రేషన్ బియ్యం కూలివాడి ఆకలిలో ఐదో వంతుకు కాస్త మించి తీరుస్తుంది. మిగతా నాలుగు వంతులూ, పప్పూ నూనే కూరగాయలూ, అద్దె, పిల్లల ఫీజులు, మందులు అతని రెక్కల మీదే నడవాలి.

డబ్బు రూపంలో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. సేకరణ, మర ఆడించడం, గోదాము, రవాణా అన్నీ కలిపి కిలో బియ్యం మీద ప్రభుత్వానికి దాదాపు 40 రూపాయలు అవుతుంది. 5 కిలోలకు 200. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 2025-26కి ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఒక మనిషికి నెలంతటికీ వచ్చే బియ్యం విలువ ఒక్క రోజు కూలికి కూడా సరిపోదు! 200 రూపాయల బియ్యం చూసుకుని నెలకు వేల రూపాయల కూలి వదులుకునే మనిషి ఎక్కడుంటాడు?

అయితే ఆ 200 చిన్న మొత్తమేమీ కాదు. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో అట్టడుగు 5 శాతం మంది నెలకు తలకు ఖర్చు పెట్టగలిగింది 1,373 రూపాయలు. రోజుకు 46. ఆ ఇంట్లో మనిషికి 200 రూపాయల బియ్యం రావడమంటే నెల ఖర్చులో ఏడో వంతు తప్పినట్టే. పని మానేయడానికి ఆ సాయం ఏ మూలకూ చాలదు, పస్తు తప్పించడానికి మాత్రం చాలా అక్కరకొస్తుంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావడమే ఇక్కడ గ్రహించాల్సింది.

సాయం అందితే పేదలు సోమరులవుతారా అన్న ప్రశ్నను ఆర్థికవేత్తలు నేరుగానే పరీక్షించారు. అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు కలిసి ఆరు వర్ధమాన దేశాల్లోని ఏడు నగదు సాయం పథకాల ఫలితాలను తిరిగి పరిశీలించి 2017లో ప్రచురించారు. సాయం అందుకున్నవాళ్లు పని తగ్గించారనడానికి నికరమైన ఆధారం ఎక్కడా దొరకలేదు. బియ్యంలా కాకుండా ఎలాగైనా వాడుకోగల డబ్బు ఇచ్చినా అంతే. మరి నాట్లకు మనుషులు ఎందుకు దొరకడం లేదు? ఊరంతటికీ ఒకే పది రోజుల్లో మనుషులు కావాలి. కుర్రకారు పట్నాల్లో భవన నిర్మాణ పనులకూ డ్రైవింగుకూ వెళ్తున్నారు. అక్కడ ఏడాది పొడవునా ఎంతో కొంత పని ఉంటుంది. రైతు కష్టం నిజమే. దానికి కారణం మాత్రం రేషన్ సంచిలో లేదు.

ఇక గట్టిగా వినిపించే ఆరోపణ: వాళ్లకు అవసరమే లేదు, తీసుకుని అమ్ముకుంటున్నారు అని. అమ్ముకోవడం నిజం. రేషన్ బియ్యం కిలో 10 రూపాయల చుట్టుపక్కల కొని, పాలిష్ పట్టి దాటించే వ్యాపారం ఉంది. 2024 నవంబరులో కాకినాడ రేవులో రేగిన గొడవ దాని గురించే. కానీ అమ్మే ఇంటి వైపు నుంచి చూడండి. మన రెండు రాష్ట్రాల్లో ఇంటింటా తినేది సన్న బియ్యం. రేషన్ డిపోలో ఏళ్లుగా పోసింది దొడ్డు బియ్యం. 5 కిలోలు అమ్మితే 50 రూపాయలొస్తాయి, వాటితో బజార్లో సుమారు ఒక కిలో సన్న బియ్యం వస్తుంది. 200 రూపాయల సాయాన్ని పావు ధరకు వదులుకోవడంలో దర్జా ఏముంది? నోటికి పట్టని తిండి పోస్తే జరిగేదే అది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పంపిణీ మొదలుపెట్టడం ఈ చిక్కుకు సరైన మందు అని నా అభిప్రాయం.

జనం బియ్యం వద్దనుకుంటున్నారా అన్నది అడిగి చూసినవాళ్లూ ఉన్నారు. ఆర్థికవేత్త రీతికా ఖేరా బృందం 2011లో తొమ్మిది రాష్ట్రాల్లో 1,227 పేద కుటుంబాలను, రేషన్ కావాలా, దానికి బదులు నగదు కావాలా అని అడిగింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు పదిమందిలో తొమ్మిది మంది బియ్యమే కావాలన్నారు. రేషన్ సరిగ్గా అందని బిహార్‌లో సగానికి పైగా నగదు వైపు మొగ్గారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ప్రవేశపెట్టినప్పటి నుంచి ఇక్కడి ఆడవాళ్లకు డిపో మీద ఏర్పడిన నమ్మకం ఆ జవాబులో ఉంది. ధర తర్వాత పెరిగింది, 2008లో మళ్లీ 2కు దిగింది, 2011లో రూపాయి అయింది. 2023 జనవరి నుంచి కేంద్రం ఉచితం చేసింది.

పన్నుల మాటకొద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్లో ఆహార సబ్సిడీ 2.03 లక్షల కోట్లు. మొత్తం 50.65 లక్షల కోట్లలో అది 4 శాతం. దాదాపు 81 కోట్ల మందికి పంచితే తలకు రోజుకు 7 రూపాయలు. అదే బడ్జెట్లో ఆదాయపు పన్ను తగ్గించి ప్రభుత్వం వదులుకున్నది సుమారు లక్ష కోట్లు. దానివల్ల ఉద్యోగులు పని మానేస్తారని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. సబ్బు మీద, చెప్పుల మీద, ఫోన్ రీచార్జి మీద పన్ను కార్డుదారులూ కడుతున్నారు.

కోపగించుకోవలసిన అంకె వేరే ఉంది. రేషన్ ధాన్యంలో 28 శాతం దాకా, అంటే ఏటా దాదాపు 2 కోట్ల టన్నులు, దారి తప్పుతోందని ఇక్రియర్ పరిశోధన సంస్థ 2024లో అంచనా వేసింది. 2011-12లో ఇది 42 శాతం దగ్గర ఉండేది. తగ్గింది, అయినా ఇది భారీ నష్టమే. గోదాము నుంచి వెళ్లిన సరుకులో ఇళ్లలో తిన్నామని చెప్పినది తీసేస్తే వచ్చే అంకె ఇది. ఇంటివాళ్లు అమ్ముకున్నదీ, మధ్యలోనే మాయమైనదీ అందులో విడివిడిగా కనిపించవు. అందుకే ఈ అంకె చూపించి వరుసలో నిలబడ్డవాళ్లను దొంగలనడం అన్యాయం.

అసలు వరుసలోకే రాలేనివాళ్ల సంగతి చర్చల్లో అరుదుగా వస్తుంది. చట్టం జనాభాలో 67 శాతాన్ని కవర్ చేయాలంది. 2011 జనగణన ప్రకారం అది 81.35 కోట్లు. తర్వాత జనాభా పెరిగింది, ఆ అంకె పెరగలేదు. 2020 నాటికే 10 కోట్ల మందికి పైగా బయట ఉండిపోయారని ఆర్థికవేత్తలు జాన్ డ్రెజ్, రీతికా ఖేరా లెక్క చూపారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సొంత డబ్బుతో కేంద్రం లెక్కకు మించి కార్డులు ఇచ్చి ఈ లోటును చాలావరకు పూడ్చుకున్నాయి. అంత స్తోమత లేని రాష్ట్రాల్లో, కొత్తగా పెళ్లై వేరుపడిన ఇల్లూ, 2011 తర్వాత పుట్టిన పిల్లలూ కోటాలో ఖాళీ వచ్చేదాకా ఎదురుచూడాలి. తదుపరి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ వివరాలు వచ్చి, కోటా మారేదాకా 81.35 కోట్లే హద్దు.